ప్లాస్టిక్ చేపకు చిక్కిన ముగ్గురం

గాలంతో చేపను పట్టినవాళ్లను మీరు చూసే ఉంటారు. గాలంతో పిల్లనిచ్చిన మామను పట్టినవాణ్ని చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. పట్టడమంటే ఉత్తగా పట్టడం కాదు. చొక్కాకు తగిలించి, ఆటో ఎక్కించి, కోదాడ మెయిన్ రోడ్డు మీదుగా దవాఖాన దాకా తీసుకుపోయాను. అంత ఘనకార్యం చేయడానికి నాకు పట్టిన సమయం ఒక్క మధ్యాహ్నం. నవ్వండి, నవ్వుకోవడానికే చెబుతున్నాను. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో కంప్యూటర్ పని. కీబోర్డు తప్ప ఇంకో పనిముట్టు పట్టి ఎరగను. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటాయనను పిలిచే రకం. పెళ్లయి అప్పటికి మూడు నెలలు. అత్తగారిల్లు కోదాడ. మా మామకు అక్కడ ఎరువుల దుకాణం. ఆదివారం దుకాణం బంద్ పెట్టి, అనంతగిరి వైపు ఒక చెరువుకు గాలం వేయడానికి పోతారు. ఆ రోజు దేవుడు దిగి వచ్చినా ఆయన ఇంట్లో దొరకరు.

ఆయన వెంట పోయేది మా తోడల్లుడు, సూర్యాపేట సుధాకరన్న. మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. ఏ వస్తువు చేతికిచ్చినా విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఇస్తాడు. ఇట్లాంటి తోడల్లుడు పగవాడికి కూడా వద్దు. ఆదివారం వాళ్లిద్దరూ చెరువుకు పోయేవాళ్లు. నన్ను మాత్రం "మీరు విశ్రాంతి తీసుకోండి అల్లుడు గారూ" అని టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్లు. అత్తమ్మ గంటకోసారి గారెలు తెచ్చిపెట్టేది. పటం కట్టిన దేవుడికీ నాకూ పూలదండ ఒక్కటే తేడా. నాకు కావలసింది గారెలు కాదండీ. నాకు కావలసింది ఒక్కటే, ఆదివారం మామ నన్ను కూడా ఇంటి మనిషిలా చెరువుకు తీసుకుపోవాలి.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ తన గాలం డబ్బా తెరిచారు. అందులో అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ ప్లాస్టిక్ చేప ఉంది. నీళ్ల మీద తేలుతూ, దారం లాగితే తోక ఊపుతూ ఈదుతుంది. అది నిజం చేప అనుకుని కొరమీను, అదే మా వైపు కొర్రమట్ట, వచ్చి మింగాలని ఏర్పాటు. మామ దానికి చిలక అని పేరు పెట్టుకున్నారు. చిలకకు పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండు కొక్కేలు. ఒక్కో కొక్కేనికి మూడు కొనలు. ప్రతి కొనకూ వెనక్కి తిరిగిన చిన్న ముల్లు. లోపలికి దిగడమే గాని బయటికి రావడం దానికి తెలియదు.

"కొక్కేలు తుప్పు పట్టినయండి. పోయిన వారం మంచి కొర్రమట్ట పడింది. దరికొచ్చినాక కొక్కెం వంగి జారిపోయింది. సాయంత్రం పెద్దల్లుడు గారొస్తారు కదా, మారుస్తారులెండి" అన్నారు మామ.

ఆ 'పెద్దల్లుడు గారు' అన్న మాట నాకు గారెలో రాయిలా తగిలింది.

"నేను మారుస్త మామా" అన్నాను.

వంటింట్లోంచి నా భార్య రజిత కిసుక్కున నవ్వడం వినిపించింది.

"మీకెందుకండీ శ్రమ" అన్నారు మామ.

"శ్రమేముంది? పది నిమిషాల పని."

"ఇదివరకు చేశారాండి?"

"మిర్యాలగూడల మా దోస్తులందరియి నేనే మారుస్త మామా."

అబద్ధమే. మా దోస్తులకు చేపలంటే ప్లేట్లో కనిపించేవే తెలుసు. మామ ఇంకా తటపటాయిస్తుంటే లోపలి నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటరా ఎవరన్న? ఇయ్యండి!"

మా అత్తగారింటి పద్ధతి అది. అల్లుడు అడిగితే లేదనకూడదు, అల్లుడు తప్పు చేస్తే తిట్టకూడదు, అల్లుణ్ని 'మీరు' తప్ప ఇంకోమాట అనకూడదు. మామ చిలకను రెండు చేతులా పట్టుకుని నా చేతుల్లో పెట్టారు. కన్యాదానం నాడు కూడా ఆయన అంత ఆలోచించలేదు.

"మామా, రేపు నేను గూడ వస్త చెరువుకు."

"తప్పకుండా రండి. చిలక తయారైతే ముగ్గురం పోదాం. పాతవి చూపించి సరిగ్గా అదే సైజు తెండి అల్లుడు గారూ. పెద్దవైతే బరువుకు మునిగిపోద్ది."

అప్పుడు విన్నాను. బజారుకు పోయేలోపు మరిచాను. గాలాలమ్మే దుకాణంలో చిలకకున్న పాతవి చూపిస్తే దుకాణమాయన సన్నవి తీసి ముందు పెట్టాడు. పక్కన పెద్దవి మెరుస్తున్నాయి.

"అవ్వియ్యన్నా" అన్నాను.

"అవి దీనికి పెద్దగైతయ్ అన్నా. జర ఆలోచించు."

"పెద్ద చేపకు పెద్ద కొక్కెం కావాలె కదా?"

ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, ఇక వాదించకుండా కట్టి ఇచ్చాడు. వాదించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఫోన్‌లో వీడియో పెట్టుకుని పని మొదలుపెట్టాను. కొక్కేన్ని చేపకు కలిపేది తాళాల గుత్తికి ఉండే రింగులాంటిదే, కందిగింజంత రింగు. దాని నోరు తెరిచి, పాత కొక్కెం తీసి, కొత్తది ఎక్కించాలి. వీడియోలో అతను ముక్కు వంకర ఉన్న పట్కారుతో రెప్పపాటులో తెరిచేశాడు. నా దగ్గర పట్కారు లేదు. అయితే ఏం, గోరు ఉందిగా అనుకున్నాను.

కాసేపటికి రజిత వచ్చింది. "ఏమాయె?"

"గోరు పోయింది."

"ఇంక తొమ్మిదున్నయి గద, కానియ్" అంది. ఇదీ నాకు దొరికిన ఓదార్పు.

రెండో గోరు కూడా పోయాక చెంచా తెచ్చాను. చెంచా వంగింది. బ్లేడు తెచ్చాను, విరిగింది. చివరికి రజిత జడపిన్ను తీసి నా ముందు పడేసి, "సుధాకర్ బావకు ఫోన్ చేయనా? సూర్యాపేటల బయలెల్లిండో లేదో. వచ్చేటప్పుడు కటింగ్ ప్లేయర్ పట్కొస్తడు" అంది.

"చేసినవంటే నా మీద ఒట్టు!"

"పళ్లతోని మాత్రం తియ్యకు. నోట్ల కొక్కెం పెట్టుకుంటె నేను దవాఖానకు రాను, ముందే చెప్తున్న."

అప్పటికి పళ్ల ఆలోచన నాకు వచ్చే ఉంది. ఆమె కళ్లు ఉరిమి చూస్తుంటే మానుకున్నాను. జడపిన్నుతోనే పట్టుపట్టాను. చెమట ముక్కు చివరి నుంచి చిలక మీద కారుతోంది. మిల్లులో నా పై అధికారి ఆ పట్టుదల చూస్తే ప్రమోషన్ ఇచ్చేవాడు. గంటకు పొట్ట కింది కొక్కెం ఎక్కింది. ఇంకో అరగంటకు తోక దగ్గరిదీ ఎక్కింది. పని అయిపోయిందండీ! నిజంగా అయిపోయింది! రజిత కూడా "పర్లేదే!" అని లోపలికి పోయింది.

అక్కడితో ఊరుకుంటే నేను ఇది రాయాల్సిన అవసరమే లేదు. గట్టిగా ఉందో లేదో చూద్దామని, చిలకను ఎడమచేత్తో పట్టుకుని తోక కొక్కేన్ని కుడిచేత్తో లాగాను. కొక్కెం గట్టిగానే ఉంది. నా పట్టే జారింది. ఒక కొన కుడి బొటనవేలి కండలోకి ముల్లుతో సహా దిగింది. నొప్పికి కళ్లముందు చుక్కలు కనిపించాయి. అరుద్దామని నోరు తెరిచేసరికి మామ చెప్పుల చప్పుడు వినిపించింది. నోరు మూసి, భుజం మీది తువ్వాలు చేతి మీద కప్పాను.

"అయిందాండి?"

"అయింది మామా."

"చూడొచ్చాండి?"

"ఇప్పుడే వద్దు. ఆరాలె."

"ఏం ఆరాలండి?"

"రింగు."

ఇనుప రింగు ఎందుకు ఆరాలో అడగడం అల్లుణ్ని అనుమానించినట్టవుతుందని కాబోలు, మామ ఆ మాట అడగలేదు. "కొక్కేలు అదే సైజు తెచ్చారు కదండీ?" అన్నారు.

"అదే సైజు మామా."

ఇంతలో అత్తమ్మ చాయ్ తెచ్చింది. కుడిచేయి తువ్వాలు కింద ఉంది కనుక ఎడమచేయి చాపాను. అత్తమ్మ గ్లాసు ఇవ్వకుండా నా చేతి వైపు, ముఖం వైపు మార్చి మార్చి చూసింది.

"కుడిచేతికేమైంది అయ్యా?"

"తిమ్మిరి అత్తమ్మా."

"తిమ్మిరైతే నిమరాలండి" అంటూ మామ వంగి, ఎంతో మర్యాదగా తువ్వాలు తీయబోయారు. నేను వద్దంటూ చేయి వెనక్కి లాక్కున్నాను. ఆయన ఇంకా ముందుకు వంగారు. పొట్ట కింది కొక్కెం వెళ్లి ఆయన చొక్కా జేబు దగ్గర పట్టుకుంది. నేను విడిపించబోయి గుంజాను. గుంజితే ఏమవుతుందో మీకు తెలుసు, అప్పుడు నాకు తెలియదు. చొక్కానూ లోపలి బనియన్‌నూ కలిపి కుట్టేసింది. నా బొటనవేలు మామ గుండె మీద ఆనుకుని ఉండిపోయింది. ఆయన ఊపిరి పీలిస్తే నాకు నొప్పి, వదిలితే నాకు నొప్పి.

"ఏం పర్లేదండి, ఏం పర్లేదు" అన్నారు మామ, తన అల్లుడు తన గుండెకు వేలాడుతుండగా.

అప్పుడే గేటు ముందు బైకు ఆగింది. సుధాకరన్న! జీవితంలో మొదటిసారి ఆయన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, ప్లేయర్ ఉన్నదా?" అని కేకేశాను.

"షాపుల ఉన్నయ్ తమ్మీ. ప్లేయర్ ఎందుకు దీనికి? చేత్తోనే వస్తది. నువ్వు కదలకు" అంటూ వచ్చి, తోక కొక్కేన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "కదలకన్న గదా!"

"కదుల్తలే అన్నా."

"కదుల్తున్నవ్!"

కదిలాను. నొప్పి పుడితే కదలకుండా ఎవరుంటారండీ? అదే తోక కొక్కెం రెండో కొన సుధాకరన్న చూపుడువేలిలో దిగింది. సూర్యాపేట అంతటికీ మోటార్లు బాగు చేసే మనిషి "అమ్మా!" అని అరిచాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత నొప్పిలోనూ నాకు కొంచెం సంతోషం కలిగింది.

అత్తమ్మ ఏడవాలో మొక్కాలో తెలియక రెండూ చేసింది. రజిత పరుగెత్తి ఆటో పిలిచింది. మేం ముగ్గురం పక్కపక్కకు అడుగులేస్తూ గేటు దాటాం. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "జర సర్దుకోండ్రి, ఆ అక్క గూడ కూసుంటది" అన్నాడు.

"సర్దుకునేటట్టు లేదన్నా" అని రజిత అతని పక్కనే సగం సీటు మీద కూర్చుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు.

మెయిన్ రోడ్డు మీద మామ దుకాణానికి వచ్చే రైతు ఒకాయన ఆటో పక్కన బండి ఆపాడు. "నమస్తే సేటూ! ఇద్దరల్లుళ్లతోని ఎటు?"

"ఊరికేనయ్యా, అట్లా తిరిగొద్దామని" అన్నారు మామ, నవ్వు ముఖం పెట్టి. ఆ రైతు మా ముగ్గురి మధ్య ఉన్న ఆకుపచ్చ చేపను చాలాసేపు చూశాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా నేనూ సుధాకరన్నా ఒకేసారి "అబ్బా" అనేవాళ్లం. "నొప్పిగా ఉందాండి?" అని మామ ఇద్దరినీ వరుసగా, వయసు ప్రకారం అడిగేవారు.

దవాఖానలో పెద్ద వయసు నర్సమ్మ ఎదురొచ్చింది. "ఏమైంది?"

"మా చిన్నల్లుడు గారు చాలా కష్టపడి కొక్కేలు మార్చారండి" అన్నారు మామ. అందులో ఎగతాళి లేదు. అదే నన్ను చంపింది.

ఆమె కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. "ఎవరెవరికి దిగింది?"

"మా ఇద్దరి వేళ్లకు" అన్నాం.

"మరి ఈ పెద్దాయనకు?"

"చొక్కాకు."

"చొక్కాకేనా? ఒంటికి తగల్లేదా?"

"లేదండి" అన్నారు మామ.

"చొక్కాకైతే చొక్కా ఇప్పొచ్చు గదా పెద్దాయనా! ఈడిదాక ఇట్లనే వచ్చిండ్రా?"

మీకు ఆ ఉపాయం ఎప్పుడో తట్టి ఉంటుంది. మాకెవరికీ తట్టలేదంటే నమ్మండి. అల్లుళ్ల ముందు మామ ఒంటిమీద చొక్కా లేకుండా నిలబడటం మా అత్తగారింట్లో జరిగేది కాదు. మేం వస్తున్నామంటే రోహిణి కార్తెలో కరెంటు పోయినా సరే, ఆయన పై గుండీ దాకా పెట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చునేవారు. చొక్కా విప్పమని అల్లుడు మామకు చెప్పడమా? ఆ మాట అనడం కన్నా ఆటోలో కోదాడ అంతా తిరగడమే మా అందరికీ తేలికగా తోచింది.

మామ ముఖం గోడ వైపు తిప్పుకుని, చొక్కానూ బనియన్‌నూ కలిపి విప్పారు. అల్లుళ్లిద్దరం తలా ఒక గోడ చూశాం. నేను చూసిన గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలున్నాయి. ఇప్పటికీ ఒక్క బొమ్మ తప్పకుండా వరుసగా చెప్పగలను.

డాక్టరు మా వేళ్లకు మత్తు సూది ఇచ్చి, కొనలను ముందుకే తోసి బయటికి తెచ్చి, ముళ్లు కత్తిరించి, వెనక్కి తీశాడు. "ఏ చెరువుకాడ అయింది?" అని అడిగాడు.

"చెరువుకు ఇంకా పోలేదు సార్, రేపు పోవాలె" అన్నాను.

"పోకముందే ముగ్గురు పడ్డరు. మంచి ఎర!" అన్నాడాయన. బయట బెంచీ మీద రజిత ఇక ఆపుకోలేక కడుపు పట్టుకుని నవ్వింది.

ఇంటికి వచ్చాక మామ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు విశ్రాంతి తీసుకోండి అల్లుడు గారూ" అన్నారు, ఎప్పటి గొంతుతోనే.

"మీ నాన్న నాలుగు తిడితె మంచిగుండు" అన్నాను రజితతో.

"మా నాన్న అల్లుళ్లను తిట్టడు. ఇగ రేపు పోవుడు బంద్ చేస్కో."

"బంద్ లేదు, గింద్ లేదు. చిలక తయారైతే ముగ్గురం పోదామన్నడు. తయారైంది. పోత."

పోయాను. కట్టు కట్టిన వేలికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, పొద్దున్నే అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడ్డాను. అల్లుణ్ని రావద్దనడం మామకు చేతకాదు కదా.

చెరువు గట్టున మామ చిలకకు దారం కట్టారు. రెండు కొనలు పోయినా ఇంకా నాలుగు మిగిలాయి, పని నడుస్తుంది. ఆయన గాలం విసరడం చూడాలండీ! చిలక తళుక్కున మెరుస్తూ గాలిలో పోయి, తామరాకుల పక్కన అనుకున్నచోటే పడింది. పడి, బుడుంగున మునిగింది. మామ ఆగి చూశారు. తేలలేదు. మెల్లగా లాగారు. అడుగున ఏదో మొద్దుకు పట్టుకుంది. ఇంకా లాగారు. టప్పుమని దారం తెగింది.

మామ తెగిన దారం కొసను చేతిలో పట్టుకుని నా వైపు తిరిగారు.

"అదే సైజు తెచ్చానన్నారు కదండీ?"

నేను నీళ్ల వైపు చూశాను.

"అన్నారా లేదా?"

"అన్న మామా. జర పెద్దయి తెచ్చిన. పెద్ద చేప పడతదని."

ఆయన ముఖం ఎర్రబడింది. పెదవులు రెండుసార్లు కదిలి మూసుకున్నాయి. మూడోసారి తెరుచుకున్నాయి.

"ఒరేయ్! బుద్ధుందారా నీకు? పన్నెండేండ్ల సంది కంటికి రెప్పలెక్క చూసుకుంటున్న చిలకరా అది! రాని పని వచ్చని చెప్పమని ఎవడన్నడురా నిన్ను? గోర్లు పోగొట్టుకున్నవ్, వేలు చీరుకున్నవ్, ఊరంతా తిప్పి నర్సమ్మ ముందు నా చొక్కా ఇప్పించినవ్, ఇప్పుడు నా చిలకను ముంచినవ్! అబద్ధం ఒకటి మళ్లా! మనిషివా, దున్నపోతువా?"

చెరువు మీది కొంగలు లేచిపోయాయి. తర్వాత మామకే తను ఏమన్నదీ తెలిసొచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తల దించుకోవాలి. కానీ ఏం చెప్పను, మూడు నెలలుగా గుండె మీద కూర్చున్న బరువేదో దిగిపోయింది. ఆ తిట్లు నాకు చల్లగా తగిలాయి. నవ్వొచ్చేసింది. నన్ను చూసి మామకూ నవ్వొచ్చింది.

"ఇకిలించింది చాలు. లోతు మోకాలు దాటదు. దిగి వెతుకు పోరా" అన్నారు.

దిగాను. కట్టు వేలు పైకెత్తి, రెండో చేత్తో బురదంతా దేవాను. చిలక దొరకలేదు. "ఇగ చాలు, పైకి రారా, జ్వరమొస్తది" అని మామే కేకేసి, తన తువ్వాలుతోనే నా తల తుడిచారు. గట్టు మీద పరిచిన జంపఖానా మీద మర్యాదగా కూర్చుని ఇదంతా చూస్తున్న సుధాకరన్న, మామ అటు పోగానే నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఆరేండ్లాయె తమ్మీ నాకు లగ్గమై. ఎన్ని చేపలు పట్టిచ్చిన, ఎన్ని మోటార్లు బాగు చేసిన. ఇంకా 'రండి, కూర్చోండి' అంటడు. నన్ను ఒక్కపాలి 'ఒరేయ్' అనలే. ఏం చేస్తే అన్నడో జర నాకు గూడ చెప్పరాదు?"

ఇది జరిగి నాలుగేళ్లు. సుధాకరన్న ఇంకా జంపఖానా మీదే ఉన్నాడు. అందుకని పాఠకులారా, మీ అందరి సాక్షిగా, పూర్తిగా నయమైన ఈ కుడి బొటనవేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మూడు కొనల కొక్కెం జోలికి పోను, రింగు నోరు తెరవను, జడపిన్ను ముట్టను. ఒకవేళ మా మామ ఎప్పుడైనా మళ్లీ నన్ను 'మీరు' అన్నారంటే మాత్రం, ఆ రోజే బజారుకు పోయి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద కొక్కేలు కొనుక్కొస్తాను.